లెఫ్ట్ బ్యాక్ వేటకెళ్ళిన రోజు

మధ్యాహ్నం ఒంటిగంట దాటి పది నిమిషాలయింది. జెర్సీల గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో జాలరిపేట పక్క నుంచి గ్రౌండుకు వెళుతున్నాను. ఇసుక మీద ఒక్క పడవ లేదు. మామూలుగా ఆ వేళకు పడవలన్నీ ఒడ్డుకు లాగి ఉంటాయి, వలలు ఆరుతుంటాయి, చేపలమ్మే ఆడవాళ్ళు సగం బుట్ట ఖాళీ చేసుకుని ఏ సీతమ్మధార వీధిలోనో కేకేస్తుంటారు. ఆ రోజు వాళ్ళంతా ఖాళీ బుట్టలు బోర్లించి, వాటి మీద కూర్చుని సముద్రం వైపు చూస్తున్నారు. మ్యాచ్ నాలుగింటికి. మా ఆఫీసు ఫుట్‌బాల్ జట్టులో ఏడుగురిది జాలరిపేట.

రిక్షా ఆపించి ఇసుకలోకి దిగాను. మా కోచ్ ఎర్రయ్య గారి భార్య బంగారమ్మ నన్ను చూసి నవ్వింది.

"ఏటమ్మా, సేపలకొచ్చావా? ఇంకా రానేదు."

"చేపలకు కాదు బంగారమ్మా. లెఫ్ట్ బ్యాక్ కోసం వచ్చాను."

"ఆడా? సత్తిబాబుగాడు వేటకెలిపోనాడు. ఆడే కాదు, గుంటలందరూ ఎలిపోనారు, సీకటితోనే."

"ఎర్రయ్య గారేరీ?"

"ఆలని తోలుకొత్తానని ఆయనా ఇంకో పడవెక్కి ఎలిపోనాడు."

"ఎప్పుడు?"

"తెల్లారగట్ట."

నాకు ఏడుపొచ్చింది. "మరి ఇంకా రాలేదేం?"

బంగారమ్మ నా మొహం చూసి జాలిపడింది. "ఓలమ్మ, అయిదు దినాల బట్టి సముద్రం మూసేసినారు. నేడు తెరిసినారు. ఇంత పొద్దున్నా రానేదంటే ఏటనుకుంతన్నావు? సేప పడతన్నాదన్నమాట. సంతోసించాల."

నేను సంతోషించలేకపోయాను. ఎందుకంటే ఆ మ్యాచ్‌కు ఆ తేదీ ఇచ్చింది నేనే.

నా ఉద్యోగం

హార్బరు పక్కనున్న ఒక పెద్ద ఆఫీసులో ఆటల విభాగంలో క్లర్కుగా తొమ్మిదేళ్ళు పనిచేశాను. మా రెండో పిల్లవాడికి ఆయాసం ఎక్కువై మానేశాను. ముప్పై నాలుగేళ్ళకే రిటైరయ్యానంటే నవ్వేవాళ్ళున్నారు, నవ్వనివ్వండి. నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మొన్న ఇంటికొచ్చి "అక్కా, అక్కడ అసలేం చెయ్యాలి?" అని అడిగింది. పిల్లలు పక్కనుండగా ఒక్క వాక్యం కూడా పూర్తి చెయ్యలేకపోయాను. అందుకని వాళ్ళు పడుకున్నాక ఇలా రాస్తున్నాను.

కాగితాల మీద ఆ ఉద్యోగం టైపు చెయ్యడం, టోర్నమెంటు కమిటీలతో ఫోనులో మాట్లాడడం. నిజానికి ఆ ఉద్యోగం తలలు లెక్కపెట్టడం. పద్నాలుగు మంది మగవాళ్ళు, వాళ్ళకు పద్నాలుగు జతల మేజోళ్ళు, ఒక కోచ్. బస్సెక్కేటప్పుడు లెక్కపెట్టాలి, దిగేటప్పుడు లెక్కపెట్టాలి. నాకు అది కష్టమనిపించలేదు. పెళ్ళయినప్పటి నుంచి నాకున్న జబ్బే అది. ఎవరికేమవుతుందోనని భయం. చేతిసంచిలో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళసీసా, దూది, అయొడిన్ ఎప్పుడూ ఉండేవి. గ్రౌండులో ఎవరు కిందపడినా కోచ్ కంటే ముందు నేను లేచి నిలబడేదాన్ని. ఎర్రయ్య గారు నెమ్మదిగా అనేవారు:

"పడ్డోడు లెగుత్తాడమ్మా. నువ్వు కూకో. నిన్ను సూసి ఆడు మల్లా పడిపోతాడు."

శరభయ్య మాస్టారు

నేను చేరినప్పుడు కోచ్ ఎర్రయ్య గారు కాదు, శరభయ్య మాస్టారు. కృష్ణా జిల్లా మనిషి, డ్రిల్లు మాస్టరుగా రిటైరై కొడుకు ఉద్యోగంతో పాటు ఇక్కడికి వచ్చారు. ఆయనకు ఇద్దరే తెలుసు, మనిషీ గేదే. మొదటి రోజే జట్టును వరసగా నిలబెట్టి చెప్పారు: "బంతి పాడిగేదె లాంటిదయ్యా. కొట్టావా, పారిపోద్ది. పక్కన నడిచావా, నీతో పాటు ఇంటికొస్తది."

రెండు వారాలు జట్టు చేత బంతి పక్కన నడిపించారు. పరిగెత్తినవాడికి చీవాట్లు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి, ఎవరైనా పోయారా, ఊరేగింపా అని అడిగేవారు. మూడోవారం మ్యాచ్. మావాళ్ళ కాళ్ళ దగ్గర నుంచి బంతిని ఎవరూ లాక్కోలేకపోయారు. కానీ మావాళ్ళు బంతితో ఎదుటి గోలు చేరేసరికి ఆ జట్టు మొత్తం వచ్చి అక్కడ కాపలా నిలబడేది. అక్కడ పోయిన బంతి వెనక మావాళ్ళు నడిచే వచ్చేవారు. అయిదు సున్నాతో ఓడిపోయాం. మాస్టారు మీసం తుడుచుకుని, "ఆరోది తినలేదు చూశావా? అదీ డిఫెన్సంటే" అన్నారు.

ఆయన మంచి కోచ్ కాదు. మొహమాటం లేకుండా చెబుతున్నాను. కానీ ఓడిన సాయంత్రం కుర్రాళ్ళు తలలు దించుకుని బస్సెక్కకుండా చూసేవారు. అది అందరికీ చేతకాదని తరవాత డిప్లొమాలున్న వాళ్ళను చూశాక తెలిసింది. ఆయన మాటలు నేను సరదాగా ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. ఆ అలవాటే తరవాత నా కొంప మీదికి తెచ్చింది.

ఎర్రయ్య గారు

మాస్టారికి కళ్ళు మసకబారి, ఒకరోజు ఎదుటి జట్టు గోలు కొడితే లేచి చప్పట్లు కొట్టారు. ఆ నెల్లోనే ఎర్రయ్య గారొచ్చారు.

ఎర్రయ్య గారు జాలరిపేటలో పుట్టి, మా ఆఫీసులో కళాసీగా చేరి, ఓడల దగ్గర బరువులు మోస్తూనే పన్నెండేళ్ళు లెఫ్ట్ వింగ్‌లో ఆడారు. మోకాలు దెబ్బతిన్నాక జట్టును ఆయనకప్పగించారు. అది పెద్ద పదవేం కాదు. జీతం కళాసీ జీతమే. కానీ కోచ్‌గా ఉన్నన్నాళ్ళు బరువు మొయ్యక్కర్లేదు. కోచ్ పని పోతే మళ్ళీ ఆ మోకాలితోనే ఓడ దగ్గరకు వెళ్ళాలి. ఈ సంగతి ఆయన ఎప్పుడూ అనలేదు. మెట్లు దిగేటప్పుడు ఆయన మొహం చూస్తే చాలు.

ఆయన నోటి నుంచి వచ్చిన మాట వృథాగా పోయేది కాదు. కొన్ని రాస్తాను.

బంతిని వదలని సెంటర్ ఫార్వర్డుకు: "బంతి నీ కాడికొచ్చినప్పుడు నువ్వు రాజువి. మూడు లెక్కెట్టేసరికి దొంగవి. ఇచ్చీ."

గోలు వదిలి మైదానం మధ్యకొచ్చే గోల్‌కీపరుకు: "నువ్వు తలుపువిరా. తలుపు ఊరంతా తిరిగితే ఇంటికి తాలమెందుకు?"

ఊరికే అటూ ఇటూ ఉరికే కుర్రాడికి: "పరిగెట్టడం కుక్కా సేత్తాది. ఆగడం నేర్సుకో."

గాలి ఎదురైంది, అందుకే ఓడిపోయామన్న సత్తిబాబుకు: "గెలిసినోడికీ గాలెదురేరా. ఆడు సెప్పడు, అంతే."

రిఫరీతో పేచీ పెట్టుకున్నవాడికి: "రిఫరీ అత్తలాంటోడు. తప్పు నీది కాపోయినా ముందు తలొంచీ. ఆనక కంచం నిండా ఎట్టుకో." ఈ మాట విని నేను పదిరోజులు మా అత్తగారి దగ్గర ప్రయోగించాను. పనిచేసింది.

అయితే అందరికీ ఇవి నచ్చలేదు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన మా ఆఫీసరు జగన్నాథరావు గారు పుస్తకాలు చదివిన మనిషి. చెడ్డవారు కాదు. ఆయనకు బల్ల మీద కాగితం ఉండాలి, కాగితం మీద బాణం గుర్తులుండాలి. నా నోటుబుక్కు చూపిస్తే రెండు పేజీలు తిప్పి, "ఇవి సామెతలమ్మా. శిక్షణ కాదు" అన్నారు. డిప్లొమా ఉన్న కోచ్‌ను తీసుకురావాలని ఫైలు కూడా పెట్టారు. ఎర్రయ్య గారిని పిలిచి స్పష్టంగా చెప్పారు: "సెమీఫైనల్ చూసి నిర్ణయిస్తాను. గెలుపోటములు కాదు నాకు ముఖ్యం. జట్టు క్రమశిక్షణగా రావాలి, పద్ధతిగా ఆడాలి. అలా లేకపోతే మీరు మీ పాత పనిలోకి."

"అలాగే బాబూ," అన్నారు ఎర్రయ్య గారు. నోటుబుక్కు పట్టుకుని వెనకాల వెళ్ళిన నాకు రాసుకోవడానికేమీ దొరకలేదు.

తేదీ

సెమీఫైనల్ మంగళవారం జరగాలి. వాయుగుండం పట్టింది. అయిదు రోజులు ఒకటే వాన, గాలి. గ్రౌండులో మోకాలి లోతు నీళ్ళు. పడవలేవీ కదల్లేదు. నాలుగో రోజు కమిటీ వాళ్ళు ఫోన్ చేశారు: "ఎప్పుడు పెట్టుకుందామమ్మా? గురువారమా, శనివారమా?"

నేను రేడియోలో వాతావరణం విన్నాను. గురువారానికి ఆకాశం తేటపడుతుందన్నారు. శనివారం మా పాపకు టీకా వేయించాలి. క్యాలెండరులో రాహుకాలం కూడా చూశాను. ఎవరినీ అడక్కుండా "గురువారం" అన్నాను. బోర్డు మీద నోటీసు పెట్టాను. చాలా గర్వపడ్డాను కూడా.

ఇక్కడొక పద్ధతి గురించి చెప్పాలి. మా ఆఫీసులో మ్యాచ్ రోజు ఆటగాళ్ళకు డ్యూటీ ఉండదు. హాయిగా పడుకుని, ఒళ్ళు తేలికచేసుకుని రమ్మని ఆ సెలవు. జాలరిపేట కుర్రాళ్ళు ఆ సెలవును ఏనాడూ పడుకుని గడపలేదు. చీకటితో వేటకెళ్ళి, పదింటికల్లా తిరిగొచ్చి, ఇంత తిని గ్రౌండుకొచ్చేవారు. ఆఫీసులో ఇది ఆఫీసర్లకు తప్ప అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నోటీసు చదవడానికి ఎర్రయ్య గారికి కళ్ళజోడు కావాలి. నేనే చదివి వినిపించాను. ఆయన బోర్డు వైపు కాసేపు చూసి అన్నారు:

"ఆకలి తీరిన పిల్లే ఇంటికాడుంటాదమ్మా."

నేను నవ్వాను. ఎంత బాగుందో ఆ మాట! గబగబా నా బల్ల దగ్గరకెళ్ళి నోటుబుక్కులో రాసుకున్నాను, కింద తేదీ కూడా వేశాను. ఆయన ఇంకాసేపు అక్కడే నిలబడ్డారు. నేను తలెత్తకపోయేసరికి వెళ్ళిపోయారు. అయిదు రోజులు పొయ్యి వెలగని ఇళ్ళలోని కుర్రాళ్ళు, సముద్రం తెరిచిన మొదటి రోజున ఒడ్డున ఉండరని ఆయన నాకు చెప్పారు. డిగ్రీ చదివిన నేను దాన్ని సామెతగా విన్నాను. ఆఫీసరుకు ఒక క్లర్కు తేదీ మార్చమని చెప్పొచ్చు. కళాసీ చెప్పకూడదు. ఆయన చెప్పగలిగినంతా చెప్పారు.

ఉపన్యాసం

నాలుగయ్యేసరికి గ్రౌండులో మా జట్టు వాళ్ళు ఆరుగురు. ఏడుగురికి తక్కువైతే ఆట మొదలుపెట్టరు, ఎదుటివాళ్ళు గెలిచినట్టే. ఏడోవాడు, వర్క్‌షాపులో పనిచేసే ఫిట్టరు, వానలో తడిసి జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. ఎదుటి జట్టు ఇస్త్రీ మడతలు కూడా చెదరకుండా గెంతుతోంది. రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని గడియారం చూసుకుంటున్నాడు. జగన్నాథరావు గారు కుర్చీలో కూర్చుని, "ఏమ్మా, మిగతావాళ్ళేరీ?" అన్నారు.

"వస్తున్నారండి," అన్నాను. అంతలో ఒక ఆలోచన వచ్చింది. ఈ ఉద్యోగంలో నాకు వచ్చిన ఒకే ఒక్క మంచి ఆలోచన అది. "సార్, ఆట మొదలయ్యే ముందు క్రీడాస్ఫూర్తి గురించి మీరు రెండు మాటలు చెబితే బాగుంటుంది. కమిటీ వాళ్ళు చాలాసేపటి నుంచి అడుగుతున్నారు."

కమిటీ వాళ్ళు అడగలేదు. అయినా జగన్నాథరావు గారు అప్పటికే లేచారు. మైకు లేకపోయినా ఫరవాలేదన్నారు. వ్యాయామం, ఆరోగ్యం, దేశభక్తి, శ్రమ విలువ. రెండు జట్లూ ఎండలో వరసగా నిలబడి విన్నాయి. పది నిమిషాలకు రిఫరీ ఈల నోట్లోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను గేటు వైపు చూస్తూ, ఆయన ఆగినప్పుడల్లా గట్టిగా చప్పట్లు కొట్టాను. చప్పట్లు కొడితే ఆయన ఇంకో విషయం ఎత్తుకుంటారని నాకు తెలుసు.

"క్రమశిక్షణ," అంటున్నారాయన ఇరవై ఐదో నిమిషంలో, "సమయపాలన..."

ముందు వాసన వచ్చింది. తరవాత ఏడుగురిలో అయిదుగురు, ఇద్దరిని వలల దగ్గర వదిలి, గేటులోంచి పరిగెత్తుకుంటూ వచ్చారు, మోకాళ్ళ దాకా తడి, చేతుల మీద పొలుసులు మెరుస్తూ. వాళ్ళ వెనకాల లుంగీ ఎగ్గట్టుకుని, కుంటుకుంటూ ఎర్రయ్య గారు. ఆయన చేతుల మీద కూడా పొలుసులే.

నేను జెర్సీలు పంచుతూ అడిగాను. "తీసుకురావడానికి వెళ్ళి మీరు కూడానా?"

ఆయన నా మొహం చూడలేదు. "ఎల్లీసరికి వల నిండా సేపమ్మా. నిండిన వల ఒగ్గీసి రండ్రా అని ఏ నోటితో అంతాను? బేగి అయిపోద్దని నానూ తాడట్టుకున్నాను."

సగం ఆట

ఆట గురించి ఎక్కువ రాయను. తెల్లవారుజాము నుంచి వల లాగిన చేతులు. మొదటి గోలు గోల్‌కీపరు రెండు చేతుల మధ్య నుంచి జారిపోయింది. వాడు తన అరచేతులు చూసుకుని, జెర్సీకి తుడుచుకుని, మళ్ళీ చూసుకున్నాడు. రెండోది కొట్టేటప్పటికి సత్తిబాబు నిలబడి నిద్రపోతున్నాడని నా అనుమానం.

సగం ఆటకు అందరూ నేలమీద కూలబడ్డారు. ఎర్రయ్య గారు ఏదైనా అంటారని చూస్తున్నారు. నేను కూడా అలవాటు కొద్దీ నోటుబుక్కు తీశాను. ఆయన బిందెతో నీళ్ళు తెచ్చి ఒక్కొక్కడి నెత్తి మీద పోస్తున్నారు.

"ఏటి మావా, ఏటీ సెప్పవేటి?" అన్నాడు సత్తిబాబు.

"ఏటి సెప్తాన్రా? మిమ్మల్ని తిడదారంటే నానూ మీతోనే ఉన్నాను. నీల్లు తాగండి. కాల్లు జాపుకోండి."

"ఓ మాట సెప్పు మావా. ఏటో ఒకటి."

"నేదురా. నేడు నా కాడ మాట నేదు."

నేను నోటుబుక్కు సంచిలో పెట్టేసి, ఉప్పునీళ్ళసీసా తీసి వంతులవారీగా ఇచ్చాను. రెండో సగంలో వాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో తెలియదు, ఒక గోలు కొట్టారు. రెండోది స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది. రెండు ఒకటితో ఓడిపోయాం. చివర్లో ఎదుటి జట్టువాళ్ళు మావాళ్ళను లేపి నిలబెట్టాల్సి వచ్చింది. లేపినవాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

అప్పుడు జగన్నాథరావు గారు మా దగ్గరకొచ్చారు. ఎవరో చెప్పేసినట్టున్నారు. "ఎర్రయ్యా, ఈ రోజు వీళ్ళు వేటకు వెళతారని మీకు తెలుసు కదా. తేదీ వేసినప్పుడు మా ఆఫీసుకు తెలియజేశారా?"

ఎర్రయ్య గారు నా వైపు ఒక్కసారి చూశారు. అంతే. "నేదు బాబూ. తెలీజెయ్యనేదు."

"అయితే రేపు పదింటికి రండి. మాట్లాడదాం."

నేను గోనెసంచిలో తల దూర్చి, వాళ్ళు విప్పిచ్చిన మేజోళ్ళు లెక్కపెట్టాను. ఇరవై రెండున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో తేదీ తప్పు వెయ్యడం పెద్ద తప్పు కాదు. ఆ మేజోళ్ళు లెక్కపెట్టడమే పెద్ద తప్పు. ఇంట్లో మా ఆయన జీతం ఒక్కటే చాలదు, పిల్లవాడి మందులు, ఇంటద్దె. అన్నీ నిజమే. అవన్నీ ఆ మేజోళ్ళతో పాటే లెక్కపెట్టుకున్నాను.

తరవాత ఏమైందో

కొత్తగా చేరిన అమ్మాయికి సస్పెన్సు మంచిది కాదు. చెప్పేస్తాను. మర్నాడు పదింటికి ఎర్రయ్య గారి కంటే ముందు నేను ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. నోటుబుక్కులో తేదీతో సహా ఆ మాట చూపించి, ఆయన చెప్పారు, నేను వినలేదన్నాను.

"ఇది తెలియజెయ్యడమా? పిల్లి గురించి కదమ్మా ఇది!"

"పిల్లి గురించి కాదని నాకు నిన్న ఒంటిగంటకు తెలిసిందండి."

ఆయన నోటుబుక్కు మూశారు. నాకు మెమో ఇచ్చారు. ఎర్రయ్య గారిని ఉంచారు. అది దయ అని నేననుకోను, ఇరవై ఐదు నిమిషాలు తన ఉపన్యాసం కదలకుండా విన్న జట్టు మీద ఆయనకు ఒక అభిమానం ఏర్పడింది. ఉపన్యాసం ఎందుకు పెట్టించానో మాత్రం చెప్పలేదు. ఒక రోజుకు ఒక నిజం చాలు. నేను మానేసే నాటికి కూడా ఎర్రయ్య గారే కోచ్. డిప్లొమా ఆయన వచ్చారు, ఎర్రయ్య గారికి పైన కాకుండా పక్కన కూర్చున్నారు. తేదీ వేసేముందు నేను ఫోను పట్టుకునే ఎర్రయ్య గారిని అడిగేదాన్ని: "సముద్రం ఎలా ఉందండీ?"

కాబట్టి అమ్మాయ్, నీకు చెప్పేదొకటే. అక్కడ మాటకారి మనుషులు చాలామంది తగులుతారు. వాళ్ళ మాటలు రాసుకో, తప్పులేదు. కానీ పెన్ను తీసేముందు, ఈ మనిషి నా చేత ఏం చేయించాలని ఈ మాట అంటున్నాడో ఒక్క నిమిషం ఆలోచించు.

మ్యాచ్ మర్నాడు పొద్దున, ఆఫీసుకు వెళ్ళేముందు, పాపకు జడ వేస్తున్నాను. రాత్రంతా నిద్రలేదు. బాబు గ్లాసు ముందు పెట్టుకుని పాలు తాగనని కూర్చున్నాడు.

"అమ్మా, మనం గెలిచామా?" అంది పాప.

"ఓడిపోయాం."

"ఎవరి వల్ల?"

దువ్వెన ఆగింది. "నా వల్ల," అన్నాను.

అది వెనక్కి తిరిగి నన్ను విచిత్రంగా చూసింది. "నువ్వు ఆడలేదు కదా! బయట కూర్చుంటావు కదా!"

"బయట కూర్చున్నవాళ్ళ వల్ల కూడా ఓడిపోతారమ్మా. ఆ మాట ఇవాళ ఆఫీసులో చెప్పి రావాలి."

"చెబితే నీకు రెడ్ కార్డు ఇస్తారా?"

బాబు కూడా మొహమెత్తి చూశాడు. ఇద్దరికీ నా సమాధానం కావాలి.

"సాయంత్రానికి తెలుస్తుంది," అన్నాను. "ముందు పాలు తాగండి."